విదేశంలో చిన్న ఊరి బడిలో యువజన సేవ: దరఖాస్తు నుంచి అప్పగింత వరకు

నన్ను తరచూ అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలది: "డిగ్రీ పూర్తయింది. ఉద్యోగంలో చేరే ముందు వేరే దేశంలో, ఒక చిన్న ఊళ్లో పిల్లలతో పనిచేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" రెండోది విజయవాడ నుంచో, వరంగల్ నుంచో వస్తుంది: "భారత పాస్‌పోర్టుతో ఇలాంటి అవకాశం దొరుకుతుందా? ఏజెన్సీ వాళ్లు లక్ష రూపాయలు అడుగుతున్నారు, కట్టవచ్చా?"

ఇద్దరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. గాలిలో మాటలు కాకుండా ఉండటానికి ఒక చోటును ఉదాహరణగా తీసుకున్నాను: మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశపు కొండ ప్రాంతంలోని చిన్న పట్టణాలు, అక్కడి ప్రభుత్వ బడుల్లో పీస్ కోర్ (వలంటీర్లను విదేశాలకు పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ) వలంటీర్లు చేసే యువజన వికాస పని. దేశం మారితే భోజనం, భాష, సెలవుల పట్టిక మారతాయి. పని చేసే పద్ధతి పెద్దగా మారదు.

ఒక విషయం మొదటే చెప్పాలి. మీరు అక్కడికి ఉపాధ్యాయుడి బదులు పాఠం చెప్పడానికి వెళ్లడం లేదు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు నిర్ణయం తీసుకోవడం, నలుగురిలో మాట్లాడటం, ఆరోగ్యం కాపాడుకోవడం, బడి తర్వాత ఏం చేయాలో ఆలోచించడం నేర్పే పనిలో ఆ ఊరి ఉపాధ్యాయుడికి తోడుగా వెళుతున్నారు. మీరు వెనక్కి వచ్చాక ఆ పని ఆయన చేతుల్లో నడవాలి. కింద చెప్పిన ప్రతి దశనూ నేను ఈ ఒక్క కొలతతోనే చూస్తాను.

ముందుగా కావలసినవి

- పౌరసత్వం: పీస్ కోర్‌కు అమెరికా పౌరులే అర్హులు. గ్రీన్‌కార్డు గానీ హెచ్‌-1బి గానీ చాలదు. 18 ఏళ్లు నిండాలి. గరిష్ఠ వయసు లేదు, ఉద్యోగ విరమణ చేసినవారు కూడా వెళతారు.
- సమయం: 27 నెలలు. అందులో మొదటి మూడు నెలలు శిక్షణ, మిగిలిన రెండేళ్లు సేవ.
- భాష: లాటిన్ అమెరికా దేశాలకు సాధారణంగా కొంత స్పానిష్ ముందే అడుగుతారు. బడిలోనో కాలేజీలోనో చదివి ఉంటే ఆ మార్కుల పత్రాలు దగ్గర పెట్టుకోండి.
- పిల్లలతో పనిచేసిన అనుభవం: ఆదివారం తెలుగు బడిలో పాఠాలు చెప్పడం, వేసవి శిబిరం నడపడం, ఈత నేర్పడం, ట్యూషన్లు చెప్పడం, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఎప్పుడు, ఎన్ని గంటలు, ఎంతమందితో అన్నది రాసి పెట్టుకోండి.
- ఆరోగ్య పత్రాలు: టీకాల రికార్డు, పంటి వైద్యుడి నివేదిక, పాత జబ్బుల వివరాలు. ఎంపికైన తర్వాత ఎక్కువమంది ఆలస్యమయ్యేది ఇక్కడే.
- డబ్బు: దరఖాస్తుకు రుసుము లేదు. ప్రయాణం, వైద్యం, ఊళ్లో బతకడానికి సరిపడే భత్యం సంస్థే ఇస్తుంది. రెండేళ్లూ పూర్తి చేస్తే చివర్లో పన్నుకు ముందు 10,000 డాలర్లకు పైగా అందుతుంది. విద్యా రుణం ఉన్నవారు వాయిదాల సంగతి బయలుదేరే ముందే రుణ సంస్థతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి

పీస్ కోర్ కుదరదు. మీకు రెండు మంచి దారులున్నాయి. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల కార్యక్రమంలో 18 నుంచి 26 ఏళ్ల వారికి ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ వలంటీర్లకు జీవన భత్యం ఇస్తారు, దరఖాస్తుకు రుసుము ఏ దశలోనూ తీసుకోరు. రెండోది జర్మనీ ప్రభుత్వ నిధులతో నడిచే వెల్ట్‌వెర్ట్స్. మొదట జర్మన్ యువతను బయటి దేశాలకు పంపడానికి పెట్టిన కార్యక్రమం ఇది. 2013 నుంచి మన లాంటి దేశాల యువతను కూడా జర్మనీ రప్పిస్తోంది. వయసు 18 నుంచి 28. బడుల్లో, బాలల కేంద్రాల్లో, యువజన కేంద్రాల్లో పని ఉంటుంది. దరఖాస్తు భారత్‌లోని భాగస్వామ్య సంస్థ ద్వారా వెళ్లాలి. కాలేజీలో జాతీయ సేవా పథకంలో, అంటే ఎన్‌ఎస్‌ఎస్‌లో పనిచేసి ఉంటే ఆ సర్టిఫికెట్టును తక్కువగా చూడకండి. ఊళ్లో శిబిరం వేసి పదిమందిని కూడగట్టిన అనుభవాన్ని ఈ సంస్థలు గుర్తిస్తాయి.

ఇక ఇక్కడి నుంచి దశలు.

1. డబ్బు అడిగే వాళ్లను జల్లెడ పట్టండి

మంచి కార్యక్రమం మీ అర్హతలు అడుగుతుంది, ఇంటర్వ్యూ చేస్తుంది, పోలీసు ధ్రువపత్రం కోరుతుంది. చెడ్డది ముందుగా అడిగేది డబ్బు, తేదీలు. పిల్లల మధ్యకు వెళ్లే మనిషి నేపథ్యం పరిశీలించని సంస్థ ఆ పిల్లల గురించి పట్టించుకోదు. అలాంటి చోటికి ఉచితమైనా వెళ్లవద్దు.

"రెండు వారాల అనాథాశ్రమ సేవ" అన్న మాట కనబడితే అక్కడే ఆగిపోండి. నేపాల్‌లో, కంబోడియాలో ఇలాంటి ఆశ్రమాల్లో ఉంచిన పిల్లల్లో ఎక్కువమందికి తల్లి గానీ తండ్రి గానీ బతికే ఉన్నట్టు బయటపడింది. విదేశీయుల రాక వల్ల విరాళాలు వస్తాయి కనుక పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి చూపించే వ్యాపారం అది. మీ మంచి మనసే దానికి పెట్టుబడి.

పర్యాటక వీసా మీద పంపుతామనే వాళ్లనూ నమ్మవద్దు. "అక్కడికి చేరాక మార్పిస్తాం" అన్న మాట ఎంత ప్రమాదమో మన వాళ్లు చూశారు. ఉద్యోగాలని చెప్పి తెలుగు యువకులను కంబోడియాకు తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠా వ్యవహారాన్ని 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. సేవ పేరు చెప్పినా, ఉద్యోగం పేరు చెప్పినా పరీక్ష ఒకటే: ఏ వీసా, ఏ బడి, అక్కడ బాధ్యుడైన వ్యక్తి ఎవరు? మూడింటికీ రాతలో జవాబు రాకపోతే వదిలేయండి.

2. దరఖాస్తులో మీ గురించి కాదు, చేసిన పని గురించి రాయండి

పీస్ కోర్ దరఖాస్తు వెబ్‌సైటులోనే నింపాలి. ఏ దేశంలో ఏ పదవులు ఖాళీగా ఉన్నాయో, ఎప్పటిలోగా పంపాలో అక్కడ కనబడుతుంది. దేశాల జాబితా మారుతూ ఉంటుంది కాబట్టి స్నేహితుడు రెండేళ్ల కింద చెప్పిన సమాచారం మీద ఆధారపడకండి. దేశాన్ని మీరే ఎంచుకోవచ్చు, ఎక్కడికైనా సిద్ధమని కూడా చెప్పవచ్చు.

ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో చెప్పే చిన్న వ్యాసమే ఎంపికలో బరువైన భాగం. "చిన్నప్పటి నుంచి పేదలకు సాయం చేయాలని కోరిక" అన్న వాక్యంతో వేలమంది మొదలుపెడతారు. మీరు ఒక సంఘటనతో మొదలుపెట్టండి. తెలుగు బడికి రావడం మానేసిన కుర్రవాడిని ఎలా మళ్లీ రప్పించారో, ఏం చేస్తే పనిచేయలేదో, తర్వాత ఏం మార్చారో రాయండి. పనిచేయని ప్రయత్నాన్ని నిజాయితీగా చెప్పినవారికి ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకు ఉంటుంది.

సరిచూసుకోవడం ఇలా: వ్యాసంలో "నేను", "నా" అన్న మాటల కింద గీత గీయండి. పిల్లలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కనబడే వాక్యాలు అంతకంటే తక్కువగా ఉంటే మళ్లీ రాయండి.

ఎంపిక తర్వాత వేలిముద్రలు, నేర చరిత్ర పరిశీలన, వైద్య అనుమతి ఉంటాయి. వైద్య పత్రాల్లో ఏదీ దాచవద్దు. ఆస్తమా ఉందని చెబితే వైద్యం అందుబాటులో ఉన్న ఊరికి వేస్తారు. దాస్తే ఎత్తైన కొండ మీద, ఆసుపత్రికి గంటల దూరంలో బయటపడుతుంది.

3. ఇంట్లో మాట్లాడండి, ఎంపిక కాకముందే

తెలుగు ఇళ్లలో అసలు ఇంటర్వ్యూ ఇదే. అమ్మానాన్నలకు మూడు భయాలుంటాయి: భద్రత, వెనకబడిపోతామన్న బెంగ, పెళ్లి వయసు. వాదించకుండా వివరాలు పెట్టండి. ఊరు ఎంపిక చేసే ముందు భద్రతను సంస్థ సిబ్బంది పరిశీలిస్తారు. వలంటీర్లకు వైద్య సిబ్బంది అందుబాటులో ఉంటారు. తిరిగి వచ్చాక ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ప్రత్యేక అర్హత దక్కుతుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో కవర్‌డెల్ ఫెలోషిప్ పేరుతో పీజీ ఫీజు రాయితీలు ఉన్నాయి. ఇది కొత్తగా పుట్టిన సంస్థ కాదని కూడా చెప్పండి. 1961లో అధ్యక్షుడు కెన్నడీ కాలంలో మొదలైంది, 1976 వరకు భారత్‌లో కూడా పనిచేసింది. మీ తాతగారి తరంలో ఎవరికైనా ఊళ్లోకి వచ్చి తెలుగు నేర్చుకున్న అమెరికన్ కుర్రవాడు గుర్తుండవచ్చు. అడిగి చూడండి.

సెలవులు నెలకు రెండు రోజుల చొప్పున జమ అవుతాయి, శిక్షణ కాలంలో ఇవ్వరు. అక్క పెళ్లి ఆ మూడు నెలల్లో ఉంటే తర్వాతి బృందంలో వెళ్లడం మేలు. మధ్యలో అనుమతి కోసం ఏడ్చి, దొరక్క, మనసు అక్కడా ఇక్కడా కాకుండా పోయిన వాళ్లు ఉన్నారు.

4. శిక్షణ నెలల్లో భాష, భోజనం, పేరు

గ్వాటెమాలాలో సంస్థ కార్యాలయం సాంటా లూసియా మిల్పాస్ ఆల్టాస్ అనే పట్టణంలో ఉంది. శిక్షణలో ఒక స్థానిక కుటుంబంతో ఉంటారు, రోజూ భాష తరగతులు ఉంటాయి. చివర్లో మౌఖిక పరీక్ష నెగ్గాలి. స్పానిష్ వస్తే పని అయిపోదు. ఆ దేశంలో మాయా అనే మూలవాసుల భాషలు 22 గుర్తింపు పొందాయి. బడిలో స్పానిష్, ఇంట్లో కిచే లేదా మామ్ లేదా కక్చికెల్ మాట్లాడే పిల్లలే మీకు ఎదురవుతారు. పలకరింపు, ధన్యవాదం, "బాగున్నారా", "వెళ్లొస్తాను", ఈ నాలుగు మాటలు ఆ ఊరి మాయా భాషలో నేర్చుకుని వెళ్లండి. అమ్మమ్మలు తలుపు తెరుస్తారు.

మర్యాదలు మనకు కష్టం కాదు. దారిలో ఎదురైన ప్రతివారినీ పలకరించాలి, భోజనం దగ్గర నుంచి లేచేటప్పుడు ఒక మాట చెప్పి లేవాలి. మగ ఉపాధ్యాయుణ్ని "ప్రోఫే" అని, ఉపాధ్యాయినిని "సేన్యో" అని పిలుస్తారు. పేరు పెట్టి పిలవకండి, వాళ్లు నవ్వుతూ ఊరుకున్నా సరే.

శాకాహారులైతే మొదటి రోజే వివరంగా చెప్పండి. మాంసం తిననంటే కోడి తింటారనుకుని పెడతారు. కోడి, చేప, ఎముకల పులుసు కూడా తిననని ఒక్కొక్కటిగా చెప్పాలి. ఆకలితో మాత్రం ఉండరు. మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుడు గింజలు, గుడ్లు, జున్ను, అన్నం ఎక్కడైనా ఉంటాయి. తోటకూరను వాళ్లు బ్లేదో అంటారు, సంతలో దొరుకుతుంది. మనం బెంగళూరు వంకాయ అనే కూరగాయ ఆ ప్రాంతానిదే. పప్పు, పోపు దినుసులు కొద్దిగా తీసుకెళ్లి ఒక ఆదివారం ఆ ఇంటివారికి వండిపెట్టండి. వంటగదిలో చోటు దొరికితే భాష వేగంగా వస్తుంది.

మన రంగు వాళ్లను చూసి "నువ్వు అమెరికన్‌వి కావు" అంటారు. చాలామంది తెలుగు పిల్లలు దీనికి సిద్ధపడక నొచ్చుకుంటారు. కోపం వద్దు. కుటుంబం ఫొటో ఒకటి, ప్రపంచ పటం ఒకటి గదిలో ఉంచుకోండి, ప్రతిసారీ ఓపికగా చెప్పండి. స్థానికుడేమో అనుకుని వేగంగా మాట్లాడితే, నెమ్మదిగా చెప్పమని అడగడానికి సిగ్గుపడకండి.

5. మొదటి మూడు నెలలు ఏమీ మొదలుపెట్టవద్దు

ఎక్కువమంది తప్పు చేసేది ఈ దశలోనే. ఊళ్లో అడుగుపెట్టిన రెండో వారానికే ఇంగ్లీషు క్లబ్బు, నెల తిరిగేసరికి గోడ మీద ప్రపంచ పటం, ఆ తర్వాత ఒక శిబిరం. ఫొటోలు బాగుంటాయి. ఆరు నెలలకు ఎవరూ రారు.

మొదటి మూడు నెలల్లో మీ చేతిలో ఒక నోటు పుస్తకం చాలు. ఈ విషయాలు రాసుకోండి:

బడి వేళలు. చాలా చోట్ల ఉదయం ప్రాథమిక పాఠశాల నడిచిన భవనంలోనే మధ్యాహ్నం బాసికో, అంటే మూడేళ్ల మాధ్యమిక బడి నడుస్తుంది. సాయంత్రం ఆరింటికి పిల్లలు ఇంటికి పరిగెత్తాలి. బడి తర్వాత క్లబ్బు అనేది అక్కడ కుదరదు. ఉదయం పెట్టాలంటే ఆ గంటల్లో పిల్లలు ఇంట్లో ఏ పని చేస్తున్నారో తెలియాలి.

సంవత్సరం నడక. బడి జనవరిలో తెరిచి అక్టోబరులో మూస్తారు. కాఫీ కోతలకు తీరప్రాంత తోటలకు వెళ్లిన కుటుంబాలు ఆలస్యంగా తిరిగి వస్తాయి, జనవరి హాజరు చూసి నిరాశపడకండి. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో ఊరంతా ఊరేగింపుల్లో ఉంటుంది. జూన్ 25 ఉపాధ్యాయ దినోత్సవం. ఆగస్టు నుంచి బ్యాండు సాధన మొదలవుతుంది. సెప్టెంబరు 15 స్వాతంత్ర్య దినం, ముందురోజు కాగడాలతో పరుగు. ఆ ఆరు వారాల్లో కొత్త పాఠాలేవీ పెట్టకండి, పిల్లలతో కలిసి మీరూ పరిగెత్తండి. ఊరి దేవుడి జాతర ఎప్పుడో, సంత ఏ రోజుల్లోనో రాసుకోండి.

వాన. మే నుంచి అక్టోబరు దాకా మధ్యాహ్నాలు వానలు పడతాయి. రేకుల కప్పు మీద వాన మొదలైతే పక్కన కూర్చున్నవారి మాట కూడా వినబడదు. ప్రతి పాఠానికీ మాట అవసరం లేని ఒక వాన రోజు కార్యక్రమం సిద్ధంగా ఉండాలి: బొమ్మలు గీయడం, గోడ పత్రిక, జంటలుగా రాత పని.

ఈ నెలల్లో తరగతి వెనక బల్ల మీద కూర్చుని చూడండి. ఏ ఉపాధ్యాయుడు పిల్లల పేర్లు పిలుస్తున్నాడో, ఎవరి గదిలో పిల్లలు ప్రశ్నలు అడుగుతున్నారో గమనించండి. మీతో కలిసి పాఠాలు నడిపే జోడీ ఉపాధ్యాయుడు అక్కడే దొరుకుతాడు.

ప్రధానోపాధ్యాయుడు "ఫలానా సార్ రాలేదు, ఈ తరగతి చూడండి" అంటే ఒకసారి చూడవచ్చు. మూడోసారికి అదే మీ ఉద్యోగం అవుతుంది. మొదటిసారే మర్యాదగా, "మరో ఉపాధ్యాయుడు కూడా గదిలో ఉంటే సంతోషంగా చేస్తాను" అనండి.

6. పిల్లల చేతనే ఊరి పటం గీయించండి

అవసరాలు కనుక్కోవడానికి ప్రశ్నపత్రాలు పంచితే మీకు నచ్చే జవాబులే వస్తాయి. నాలుగు పనులు చేయించండి. ఒకటి, ఊరి పటం: తరచూ వెళ్లే చోట్లు, భయపడే చోట్లు వేరువేరు రంగుల్లో. రెండు, రోజు గడియారం: నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏ గంటలో ఏం చేస్తారో. మూడు, ఏడాది పట్టిక: పని ఎప్పుడు ఎక్కువ, డబ్బు ఎప్పుడు తక్కువ, జబ్బులు ఎప్పుడు. నాలుగు, ప్రాధాన్యాల ఎంపిక: పదిమంది చెప్పిన సమస్యలను గోడ మీద అంటించి, ఒక్కొక్కరికి మూడు మొక్కజొన్న గింజలు ఇచ్చి, ఏ సమస్య ముఖ్యమైతే అక్కడ పెట్టమనండి.

ఆడపిల్లలను, మగపిల్లలను విడివిడిగా కూర్చోబెట్టండి. ఉపాధ్యాయులతో మరో బృందం, తల్లులతో ఇంకొకటి. రోజు గడియారాలు పక్కపక్కన పెడితే మీరు ఏమీ చెప్పనక్కరలేదు. నీళ్లు, రొట్టెలు, తమ్ముళ్లు, నేత పని, వీటి మధ్య ఆడపిల్లకు చదువుకు మిగిలిన గంట ఎంతో అందరికీ కనబడుతుంది. ఆ గంటలోనే మీ క్లబ్బు పెట్టి దాన్ని కూడా లాగేసుకోకండి.

తప్పు: పటం గీయించి, ఫొటో తీసి, మీ నివేదికలో పెట్టుకోవడం. పటం బడిలోనే ఉండాలి. మళ్లీ ఏడాదికి దాని పక్కన ఇంకొకటి గీయించాలి.

7. జోడీ ఉపాధ్యాయుడితో ఒప్పందం

ఒకరు కాదు, ఇద్దరిని ఎంచుకోండి. అక్కడ ఉపాధ్యాయులకు బదిలీలు అవుతాయి, సమ్మెలు జరుగుతాయి. ఒప్పందం కాగితం మీద అక్కరలేదు గానీ, ఈ నాలుగూ మాట్లాడుకోవాలి: వారంలో ఏ పీరియడు, పాఠం ఎవరు సిద్ధం చేస్తారు, ఎవరు ముందు నిలబడతారు, సరిగ్గా జరగకపోతే ఎప్పుడు కూర్చుని మాట్లాడుకుంటాం.

వరుస ఇలా ఉండాలి. మొదటి నెల మీరు నడపండి, ఆయన చూస్తారు. రెండో నెల చెరి సగం. మూడో నెల నుంచి ఆయన నడుపుతారు, మీరు వెనక ఉంటారు. ఆయన మీకంటే నెమ్మదిగా నడిపినా, మీరు రాసిన ఆటను మార్చినా మధ్యలో లేచి సరిచేయవద్దు. పిల్లల ముందు ఉపాధ్యాయుడి మాట తగ్గిస్తే మీ రెండేళ్ల పని ఆ నిమిషంలో పోతుంది.

8. ఒక పాఠం మొదటి నుంచి చివరి దాకా

మూడో బాసికో, అంటే దాదాపు పదిహేనేళ్ల పిల్లల కోసం. పేరు "వచ్చే జనవరిలో నేను ఎక్కడ?" పీరియడు 35 నుంచి 40 నిమిషాలే ఉంటుంది కనుక మూడు వారాలుగా విడగొట్టండి.

మొదటి వారం: గది నాలుగు మూలల్లో నాలుగు కాగితాలు అంటించండి. పై చదువు, చేతి పని శిక్షణ, ఊళ్లో పని, వలస. పిల్లలు తమకు నచ్చిన మూలలో నిలబడి, పక్కవారికి కారణం చెప్పాలి. వలస మూలలో నిలబడిన పిల్లవాడికి ఉపదేశం ఇవ్వవద్దు. ఆ ఇంట్లో అన్న పంపే డబ్బుతోనే ఈ పిల్లవాడు చదువుతూ ఉండవచ్చు.

రెండో వారం: ప్రతి బృందం వెళ్లి లెక్కలు తేవాలి. పై చదువు బృందం పక్క పట్టణంలోని బడికి వెళ్లి ప్రవేశం, యూనిఫాం, బస్సు ఖర్చు కనుక్కుంటుంది. శిక్షణ బృందం ఇంటెకాప్ అనే ప్రభుత్వ సాంకేతిక శిక్షణ సంస్థలో ఏ కోర్సులున్నాయో అడుగుతుంది. పని బృందం ఊళ్లో ముగ్గురు యజమానులతో కూలి, పని గంటలు మాట్లాడుతుంది. వలస బృందం ఇంట్లో పెద్దలను అడిగి అప్పు, వడ్డీ, ప్రయాణ ప్రమాదం గురించి రాస్తుంది.

మూడో వారం: నాలుగు లెక్కలూ బోర్డు మీద పక్కపక్కన. ప్రతి విద్యార్థీ తన నోటుపుస్తకంలో మూడు వాక్యాలు రాస్తాడు: నేను ఎంచుకున్నది, నాకు లేనిది, ఈ నెలలో నేను అడగవలసిన మనిషి. మూడో వాక్యం ఖాళీగా ఉన్న పిల్లల దగ్గరకు ఉపాధ్యాయుడు వెళ్లాలి, మీరు కాదు.

ఏ అంశమైనా ఇదే నడక: ముందు చేయించండి, తర్వాత ఏమైందో అడగండి, చివర్లో ఇంటి దగ్గర ఏం చేస్తారో చెప్పించండి. ఉపన్యాసం పదినిమిషాలు దాటితే పాఠం చెడినట్టే.

ఇంగ్లీషు నేర్పమని అందరూ అడుగుతారు. పూర్తిగా కాదనకండి. వారానికి ఒక గంట, అక్కడి ఇంగ్లీషు ఉపాధ్యాయుడు పక్కన ఉంటేనే.

9. శిబిరం పెట్టాలనుకుంటే

ఆడపిల్లల నాయకత్వ శిబిరాలు పీస్ కోర్‌లో 1995లో రొమేనియాలో మొదలై చాలా దేశాలకు పాకాయి, గ్లో అని పిలుస్తారు. మంచివే. కానీ నేను శిబిరాన్ని రెండో ఏడాదికే సిఫార్సు చేస్తాను. శిబిరానికి వచ్చిన ప్రతి పిల్లతో పాటు ఆ బడి నుంచి ఒక ఉపాధ్యాయిని రావాలి. తిరిగి వెళ్లాక నెలలోపు తమ బడిలో ఏం చేస్తారో శిబిరం చివరి రోజునే తేదీతో రాయించాలి. ఈ రెండూ కుదరకపోతే ఆ డబ్బుతో వారం వారం క్లబ్బు నడపడం మేలు.

10. డబ్బు, బహుమతులు, హద్దులు

సంస్థ భాగస్వామ్య నిధుల ద్వారా చిన్న పథకాలకు విరాళాలు సేకరించవచ్చు. దానికి ఊరివాళ్లు మొత్తంలో కనీసం 25 శాతం డబ్బు రూపంలోనో, సామాను, శ్రమ రూపంలోనో పెట్టాలి. ఈ నియమాన్ని అడ్డంకిగా చూడకండి. ఊరు పావలా వంతు పెట్టని పథకం మీ కోరికే, వాళ్లది కాదు. అమెరికాలోని బంధువులు పాత ల్యాప్‌టాప్‌లు పంపుతామంటారు. వాటిని ఎవరు బాగుచేస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, తాళం ఎవరి దగ్గర, ఈ మూడూ తేలే దాకా వద్దని చెప్పండి.

ఒక పిల్లతోనో పిల్లవాడితోనో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండవద్దు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు ఎక్కడా పెట్టవద్దు. ఇంట్లో హింస గురించి పిల్లలు చెబితే రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. జోడీ ఉపాధ్యాయుడికి, సంస్థ సిబ్బందికి అదే రోజు చెప్పండి.

వీసా ఇప్పించమని అడుగుతారు. మొదటిసారే "అది నా చేతిలో లేదు" అని స్పష్టంగా చెప్పండి. మొహమాటానికి "చూద్దాం" అంటే ఆ ఇల్లు దాని మీద ఆశ పెట్టుకుంటుంది, అప్పు కూడా చేయవచ్చు.

11. ఫలితం వచ్చిందో లేదో చూసుకోవడం

ఎంతమంది వచ్చారన్న లెక్క ఒక్కటే సరిపోదు. మొదటి రోజు జ్యూసు ఇస్తే బడి మొత్తం వస్తుంది. ఇవి చూడండి:

- హాజరు పట్టీలో మూడు నెలల తర్వాత కూడా వస్తున్న పేర్లు ఏవి? మానేసిన వారిలో ఆడపిల్లలు ఎక్కువైతే సమయం మార్చండి.
- గత పది పాఠాల్లో జోడీ ఉపాధ్యాయుడు నడిపినవి ఎన్ని? ఏడాది చివరికి సగం దాటకపోతే మీరు ఎక్కువ చేస్తున్నారు.
- మొదటి పాఠంలో నోరు విప్పని ఐదుగురి పేర్లు రాసి పెట్టుకోండి. ఆరు నెలలకు వాళ్లలో ఎవరు మాట్లాడుతున్నారు?
- తల్లులను అడగండి: ఇంట్లో ఏమైనా మారిందా? "బాగుంది" అంటే జవాబు కాదు. ఒక ఉదాహరణ చెప్పగలిగితేనే లెక్క.
- అన్నిటికంటే గట్టి పరీక్ష మీ సెలవు. రెండు వారాలు ఊళ్లో లేకుండా వెళ్లండి. ముందుగా ఏర్పాట్లేవీ చేయవద్దు. తిరిగి వచ్చాక ఆ రెండు క్లబ్బులూ జరిగాయో లేదో హాజరు పట్టీ చూడండి. జరగకపోతే ఏడో దశకు మళ్లీ వెళ్లాలి.

ఈ పరీక్షను నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల పీస్ కోర్ ప్రపంచమంతటా ఉన్న సుమారు 7,000 మంది వలంటీర్లను ఒక్కసారిగా వెనక్కి పిలిచింది. చాలామందికి పిల్లలకు వీడ్కోలు చెప్పే సమయం కూడా దొరకలేదు. మళ్లీ పంపడం 2022లో గానీ మొదలుకాలేదు. మీకూ అలాంటి రోజు రావచ్చు, భూకంపం వల్ల కావచ్చు, ఇంట్లో అనారోగ్యం వల్ల కావచ్చు. ఏ నెలలో వెళ్లిపోవలసి వచ్చినా పాఠాల ఫైలు, హాజరు పట్టీ, బీరువా తాళం జోడీ దగ్గరే ఉండాలి.

12. చివరి ఆరు నెలలు అప్పగింతకే

కొత్త పని ఏదీ మొదలుపెట్టకండి. పాఠాలన్నీ స్పానిష్‌లో, జోడీ ఉపాధ్యాయుడి చేతిరాతలోనో ఆయన సరిదిద్దిన అచ్చులోనో ఒక ఫైలుగా చేయండి. ఇద్దరు పెద్ద విద్యార్థులకు క్లబ్బు నడపడం నేర్పండి. వచ్చే ఏడాది బడి పట్టికలో ఆ పీరియడు చేర్చమని ప్రధానోపాధ్యాయుణ్ని అక్టోబరులోపే అడగండి. జనవరిలో అడిగితే పట్టిక అయిపోయి ఉంటుంది. మీ తర్వాత మరో వలంటీరును అడగాలా వద్దా అన్నది బడి నిర్ణయం. వాళ్లు "వద్దు, మేమే చేసుకోగలం" అంటే బాధపడకండి, మీరు రెండేళ్లు పనిచేసింది అందుకే.

మీ వైపు పనులు కూడా ఈ ఆరు నెలల్లోనే: సేవా ధ్రువపత్రంలో చేసిన పనిని వివరంగా రాయించుకోండి, చివరి వైద్య పరీక్షలు పూర్తి చేసుకోండి. ఫెలోషిప్ ఉన్న విశ్వవిద్యాలయాల గడువులు చాలావరకు చలికాలంలో వస్తాయి కాబట్టి ఊళ్లో ఉండగానే దరఖాస్తు పంపండి. ఫెడరల్ ఉద్యోగాల ప్రత్యేక అర్హతకు కాలపరిమితి ఉంటుంది. అది సేవ ముగిసిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ఇంటికి చేరాక మూడు నెలలకు జోడీ ఉపాధ్యాయుడికి ఫోను చేసి, గత నెలలో క్లబ్బు ఏ తేదీల్లో జరిగింది, ఎవరు నడిపారు అని అడగండి. ఇబ్బంది ఏదైనా ఉందని ఆయన చెబితే ముందు పూర్తిగా వినండి, సలహా ఆయన అడిగితేనే ఇవ్వండి.